అడగని యెప్పె, ఒప్పుకోని త్యూరా

ఎవాల్డ్ బున్గార్ కూర్చుని కాఫీ తాగగా థీబోరన్ అనే చేపల రేవులో చూసినవాళ్లు లేరు. పొద్దున తొమ్మిదింటికి షెడ్డులో అందరూ బల్ల చుట్టూ చేరి, బన్నులు చీల్చి వెన్న రాసుకుంటుంటే, అతను మాత్రం కప్పు పట్టుకుని ఆ గోడకీ ఈ గోడకీ తిరుగుతూనే ఉండేవాడు. చేపల పడవల ఇంజన్లు బాగుచెయ్యడం అతని పని. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత మూడేళ్లు సముద్రం మీద, ఓ పాత పడవ ఇంజను గదిలోనే కాపురం ఉన్నాడు. ఆపైన ముప్పై ఏళ్లుగా సొంత షెడ్డు. పడవ రేవులోకి వస్తుండగానే, ఇంకా తాడైనా కట్టకముందే, చప్పుడు విని "మూడో సిలిండరు" అనేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు మూడో సిలిండరే అయ్యేది.

ఆ షెడ్డులో ఎప్పుడూ ఒకరో ఇద్దరో అప్రెంటిసులు ఉండేవాళ్లు. నాలుగేళ్ల శిక్షణ. కొన్ని వారాలు బడిలో, మిగతా కాలమంతా షెడ్డులో, చివర్న పరీక్ష. ఎవాల్డ్ దగ్గర నేర్చుకున్నవాళ్ల చెయ్యి బాగా తిరుగుతుందని ఆ తీరమంతా పేరుండేది. అందులో అబద్ధం లేదు. ఎవరైనా వచ్చి "ఎవాల్డ్, ఇది చూడు..." అనేలోపే సమాధానం వచ్చి పడేది. "పదమూడో నంబరు పానా. కుడివైపుది. అర చుట్టు. పో." అవతలి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం అతనికి ఒంట్లో ముళ్లు గుచ్చుకున్నట్టుండేది. చెప్పినట్టు చేస్తే పని అయిపోయేది, పడవ వెళ్లిపోయేది. అంతకంటే నేర్పాల్సింది ఏముంటుందని అతను ఏనాడూ అనుకోలేదు.

యెప్పె అతని దగ్గర మూడో ఏడు నడుస్తున్నవాడు. నెమ్మదస్తుడు. పని అయ్యాక పనిముట్లు తుడిచి, వేటి చోట వాటిని పెట్టందే ఇంటికి వెళ్లేవాడు కాదు. ఓ మార్చి నెలలో ఫ్రోడె అనే జాలరి పడవ ఇంజను విప్పి, లోపలి బేరింగులు మార్చే పని యెప్పె చేతికి వచ్చింది. ఆ రోజు ఎవాల్డ్ రేవు అవతలి గట్టున మరో పడవ అడుగున వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఫోను మోగింది.

"ఎవాల్డ్, రాడ్ బోల్టులు ఎంత బలానికి బిగించమంటావు?"

"నూట ఎనభై."

అవతల కాగితం తిప్పిన చప్పుడు.

"నూట ఎనభైయేనా?"

"చెవుల్లో దూది పెట్టుకున్నావా? నూట ఎనభై అన్నానా లేదా?"

"సరే."

నూట ఎనభై పాత ఇంజను లెక్క. ఫ్రోడె అంతకుముందు ఏడే కొత్త ఇంజను పెట్టించుకున్నాడు. పెట్టింది ఎవాల్డే. కానీ ఆ క్షణంలో అతని మొహం మీద నూనె కారుతోంది, చేతిలో ఓ పైపు జారిపోతోంది, నోటికి అలవాటైన అంకె నోట్లోంచి వచ్చేసింది. యెప్పె ముందు కొత్త ఇంజను పుస్తకం తెరిచే ఉంది. అందులో రెండొందల నలభై అని ఉంది. యెప్పె నూట ఎనభైకే బిగించాడు.

తొమ్మిది రోజుల తర్వాత, తీరానికి ఇరవై మైళ్ల అవతల, ఆ బోల్టులు వదులై రాడ్డు ఇంజను గోడని పొడుచుకుని బయటికొచ్చింది. పడమటి గాలి పడవని ఇసుక మేటల వైపు నెట్టసాగింది. రక్షక పడవ వెళ్లి తాడు వేసి లాక్కొచ్చింది. అందరూ బతికి ఒడ్డుకొచ్చారు. అయితే తాడు వేసేటప్పుడు ఫ్రోడె దగ్గర పనిచేసే మనిషి చెయ్యి తాడుకీ, దాన్ని చుట్టే ఇనప దిమ్మకీ మధ్య నలిగింది. మూడు వేళ్లు పోయాయి.

ఎవాల్డ్ ఇంజను కింద మూత విప్పి, లోపలికి టార్చి వేసి చూశాడు. తర్వాత షెడ్డుకొచ్చాడు. యెప్పె బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"పుస్తకం చూశావా?"

"చూశాను."

"ఎంతుంది?"

"రెండొందల నలభై."

"మరి?"

"నువ్వు నూట ఎనభై అన్నావు."

"నేను తప్పు చెబుతున్నానని నీకు తెలుసా?"

"అనుమానం వచ్చింది. రెండోసారి అడిగాను గదా."

"మూడోసారి అడగడానికి ఏమొచ్చింది నీకు?" ఎవాల్డ్ గొంతు షెడ్డు రేకులకి తగిలి తిరిగొచ్చింది.

యెప్పె మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "మూడోసారి అడిగినవాణ్ణి నువ్వు ఏంచేస్తావో చూశాను ఎవాల్డ్. నా ముందున్నవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి, ఈ షెడ్డు నీదా నాదా అని అడిగావు. వాడు నెల తిరక్కుండా వెళ్లిపోయాడు. నాకు ఇక్కడ ఉండాలని ఉండింది."

ఎవాల్డ్ ఆ సాయంత్రమే ఫ్రోడె ఇంటికి వెళ్లి, అంకె తను చెప్పిందేననీ, కుర్రాడి తప్పేమీ లేదనీ చెప్పాడు. ఫ్రోడె గుమ్మంలోనే నిలబడి విన్నాడు, లోపలికి రమ్మనలేదు. "కుర్రాడి తప్పు లేదని ఎలా అంటావు? చదవడం వచ్చు గదా వాడికి," అన్నాడు. మరుసటి వారం ఆసుపత్రికి వెళ్లి, వేళ్లు పోయిన మనిషి మంచం పక్కన నిలబడి అదే మాట చెప్పాడు. అతను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

యెప్పె ఎండాకాలం రాకముందే మానేశాడు. ఇంకొక్క ఏడాది ఉంటే పరీక్ష అయిపోయేది. లెమ్వీ ఊళ్లో ఓ గిడ్డంగిలో సరుకులెత్తే బండి నడిపే పనిలో చేరాడని తెలిసింది.

ఎవాల్డ్‌కి ఆ తర్వాత కాలు ఓ చోట నిలవలేదు. ముందు కూడా నిలిచేది కాదు గానీ, ఇది వేరు. పని మధ్యలో పానా కింద పెట్టి గట్టు మీదకి వెళ్లిపోయేవాడు. ఏ అంకె చెప్పాలన్నా పుస్తకం తెరిచి చూసి, మూసి, మళ్లీ తెరిచేవాడు. ఇంట్లో భోజనం దగ్గర రై ధాన్యపు రొట్టె మీద కాలేయపు ముద్ద రాసి, తినకుండా లేచి తోటలోకి వెళ్లేవాడు. భార్య బోడిల్ వృద్ధాశ్రమంలో పనిచేసేది. ఓపిక గల మనిషే. ఆమెకే విసుగొచ్చేది. "కాలుగాలిన పిల్లిలా తిరక్క, ఏదో ఒకటి తేల్చుకో," అనేది.

ఆగస్టులో కొత్త అప్రెంటిసు వచ్చింది. హార్‌బూర వైపు జాలరి కూతురు, త్యూరా. పందొమ్మిదేళ్లు. నోరు ఖాళీగా ఉండేది కాదు, మాటలైనా ఉండాలి, యాపిలు పండైనా ఉండాలి. ఎవాల్డ్ అప్పటికి ఓ నిశ్చయానికి వచ్చాడు. ఇక సమాధానాలు చెప్పకూడదు. పిల్లలే ఆలోచించుకోవాలి.

"ఈ గ్యాస్కెట్ మళ్లీ వాడొచ్చా?" అని త్యూరా, మూత కింద నూనె కారకుండా పెట్టే పలచటి అట్ట చూపిస్తూ, అడిగింది మొదటి వారంలో.

"నువ్వేమనుకుంటున్నావు?"

"వాడొచ్చనుకుంటున్నాను."

ఎవాల్డ్ ఏమీ అనలేదు. దవడ బిగించి, బూటు కొసతో నేల మీద టకటక కొడుతూ నిలబడ్డాడు.

"అంటే... వాడకూడదా?"

బూటు చప్పుడు ఆగింది.

"వాడకూడదు," అంది త్యూరా ధీమాగా.

అలా రెండు నెలలు నడిచింది. దేనికైనా "నువ్వేమనుకుంటున్నావు?" అనే. చేతులు తుడుచుకునే గుడ్డలెక్కడున్నాయని అడిగినా అదే ప్రశ్న. ఎవాల్డ్‌కి ఆ మౌనం మోయడం ఇంజను మోసినంత పనయ్యేది, సాయంత్రానికి మెడ నరాలు పట్టేసేవి. అంత కష్టపడుతున్నాడు గనక మంచే జరుగుతోందని నమ్మాడు. అక్టోబరులో ఓ రోజు త్యూరా చేతిలో పనిముట్టు బల్ల మీద పెట్టేసింది.

"ఎవాల్డ్, నీకో మాట చెబుతాను, కోప్పడకు. కోప్పడితే కోప్పడు. నేనిక్కడ ఇంజన్లు నేర్చుకోవట్లేదు. నీ మొహం నేర్చుకుంటున్నాను."

"ఏమన్నావు?"

"తప్పు చెబితే నీ బూటు ఆడుతుంది. దగ్గరికొస్తే కనుబొమ్మ కిందకి దిగుతుంది. సరిగ్గా చెబితే ఊపిరి వదులుతావు. ఇంజను కంటే నువ్వే సులువు. ఇదివరకు నీకు తెలిసింది చెప్పేవాడివట. ఇప్పుడు తెలిసి కూడా దాచుకుంటున్నావు. నాకైతే రెండూ ఒకటే. నీ బుర్రలో ఏముందో కనుక్కోవడమే నా పని అయిపోయింది."

ఎవాల్డ్‌కి ఒళ్లు మండింది. నోటిదాకా వచ్చిన మాటని పళ్లబిగువున ఆపుకుని బయటికి నడిచాడు. ఉత్తరపు గట్టు చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లాడు. ఇన్నాళ్లూ తను పెట్టుకున్న నిగ్రహమంతా ఓ పిల్ల చదివేసుకునే బొమ్మల పుస్తకమైంది. ఇంటికెళ్లి బోడిల్‌తో చెబితే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత, "మానేసి పోయినవాణ్ణి అడగరాదూ? వాడికి తెలిసుంటుంది," అంది.

శనివారం మధ్యాహ్నం ఎవాల్డ్ లెమ్వీ వెళ్లాడు. యెప్పె గిడ్డంగి వెనక చెక్కపలకల దొంతర మీద కూర్చుని ఉన్నాడు. కొంచెం లావయ్యాడు. ఎవాల్డ్‌ని చూసి లేవబోయి, లేవకుండా ఊరుకున్నాడు.

"తిరిగి రమ్మని అడగడానికి రాలేదు," అన్నాడు ఎవాల్డ్. "వస్తానంటే రేపే రా. అది వేరే సంగతి. ఓ మాట అడుగుదామని వచ్చాను. ఆ రోజు నువ్వు పుస్తకంలో అలా లేదు అని అనాలంటే, నేను ఎలా ఉండి ఉండాలి?"

ఎవాల్డ్ ఆ పలకల చుట్టూ తిరుగుతూ ఉన్నాడు.

"కేకలు వేస్తావని భయం ఉండేది," అన్నాడు యెప్పె చివరికి. "కానీ కేకలు మా నాన్న కూడా వేస్తాడు. ఆయనతో నేను వాదిస్తాను. నీ దగ్గర సంగతి అది కాదు. నీ దగ్గరున్న మూడేళ్లలో నువ్వు ఒక్కసారి కూడా తెలీదు అనగా నేను వినలేదు. ఒక్కసారైనా. తెలీనివాడికైతే చెప్పొచ్చు. అన్నీ తెలిసినవాడికి ఏం చెబుతాం? పుస్తకంలో అలా ఉన్నా, నీకు ఇంకేదో తెలిసే అలా చెప్పావనుకున్నాను."

"నాకు తెలీనివి చాలా ఉన్నాయి."

"ఉండే ఉంటాయి. నేను చూడలేదు."

తిరిగి వస్తావా అని ఎవాల్డ్ మళ్లీ అడిగాడు. రానన్నాడు యెప్పె. కోపంతో కాదు, మామూలుగా. సోమవారం నుంచి రాత్రి షిఫ్టు అని చెప్పి లోపలికి వెళ్లాడు.

తెలీదు అనడం అంత తేలికేం కాదు. తెలిసినవాటికి తెలీదు అంటే అది మళ్లీ నాటకమే, త్యూరా ఒక్క నిమిషంలో పట్టేస్తుంది. నిజంగా తెలీనిది రావాలి. వస్తే దాన్ని ఆ పిల్ల ముందు విప్పి పెట్టాలి. అలాంటిది ఎప్పుడొచ్చినా ఇన్నాళ్లూ ఎవాల్డ్ పిల్లలందరినీ ఇళ్లకి పంపేసి, ఒంటరిగా దానితో కుస్తీ పట్టి, మర్నాడు ఏమీ ఎరగనట్టు "పంపు" అనో "వాల్వు" అనో చెప్పేవాడు.

నవంబరులో ఫ్రోడె వచ్చాడు. ఆ తీరంలో ఇంజన్లు తెలిసినవాళ్లు ఎక్కువమంది లేరు గనక వచ్చాడు. పగిలినదాని బదులు కొత్తగా వేసిన ఇంజను సముద్రంలో ఉన్నట్టుండి కాగిపోతోందట. రేవులోకి వచ్చేసరికి చల్లబడి, మర్యాదగా ఉంటోందట.

"ఈసారి ఎవరు బిగిస్తారు?" అన్నాడు ఫ్రోడె, త్యూరా వైపు చూసి. "చదవడం వచ్చా ఈ అమ్మాయికి?"

"చదవడమూ వచ్చు, ఎదురు చెప్పడమూ వచ్చు," అంది త్యూరా. "నీకు వినడం వచ్చా?"

ఎవాల్డ్ ఇంజను నడిపించి చెవి పెట్టి విన్నాడు. నీళ్లు తిప్పే పంపు అన్నాడు. మార్చారు. పడవ వెళ్లి, మళ్లీ కాగి తిరిగొచ్చింది. నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ అన్నాడు. అదీ మార్చారు. మళ్లీ కాగింది. మూడోసారి పడవ వచ్చినప్పుడు ఎవాల్డ్ ఇంజను గదిలో మోకాళ్ల మీద కూర్చుని విన్నాడు. చప్పుడులో ఏ లోపమూ లేదు. పైన ఫ్రోడె బూట్లు డెక్కు మీద అటూ ఇటూ నడుస్తున్నాయి. పక్కన త్యూరా అతని మొహంలోకే చూస్తోంది, అలవాటు ప్రకారం.

"చూడకు," అన్నాడు ఎవాల్డ్. "అందులో ఏమీ లేదు. నాకు తెలీదు."

"నిజంగానా?"

"నిజంగానే. ఒట్టు."

త్యూరా మొహం ఎలా మారిందో అతను చాలా కాలం తర్వాత కూడా బోడిల్‌కి చెబుతుండేవాడు. ముందు భయపడింది. తర్వాత తల తిప్పి, ఆ గదిలోకి అప్పుడే వచ్చినదానిలా ఇంజను వైపు చూసింది.

సుద్దముక్క తీసుకుని ఇనప తలుపు మీద నీళ్లు తిరిగే దారంతా బొమ్మ గీశారు. ఎవాల్డ్ తను ఇప్పటిదాకా ఏమనుకున్నాడో, ఎందుకనుకున్నాడో, ఎక్కడ తప్పాడో బయటికే చెప్పాడు. చెబుతుంటే అందరి ముందూ చొక్కా విప్పినట్టుంది. అన్నీ విని త్యూరా, "పడవ అడుగున నీళ్లు చల్లబరిచే పైపులున్నాయి గదా, అవి పూడుకుపోయుంటాయి," అంది. పూడుకుపోయుంటే రేవులో కూడా కాగాలి గదా అని ఎవాల్డ్‌కి అనిపించింది, అనేశాడు కూడా. "అయినా విప్పుదాం," అంది ఆ పిల్ల. విప్పారు. పూట గడిచిపోయింది. పైపులు అద్దంలా శుభ్రంగా ఉన్నాయి. త్యూరా చెవులు ఎర్రబడ్డాయి. ఫ్రోడె పైనుంచి, "తెలుసుకోలేకపోడానికి ఒక్కడు చాలడా, ఇంకో మనిషెందుకు?" అని అరిచాడు.

ఎవాల్డ్ సుద్దతో ఆ పైపుల మీద అడ్డంగా గీత కొట్టాడు. "ఇదీ పోయింది. ఇంకేమున్నాయి?"

త్యూరా నిచ్చెనెక్కి పైకి వెళ్లింది. "ఫ్రోడె, ఎప్పుడు కాగుతుంది? సరిగ్గా చెప్పు. తిట్లు తర్వాత."

"వల లాగేటప్పుడు. ఇంజనుని పూర్తి వేగంతో తొక్కిపట్టినప్పుడు."

"మేం ఒక్కసారి కూడా అలా తొక్కలేదు." ఆమె కిందకి తొంగి చూసింది. "ఎవాల్డ్, గట్టుకి కట్టేసి పూర్తిగా తొక్కిచూడాలి."

"తాళ్లు తెగుతాయి. నా షెడ్డు ముందు అలాంటి పనులు..." అని ఎవాల్డ్ మొదలుపెట్టాడు, ముప్పై ఏళ్ల గొంతుతో.

"మరి ఇంకెలా చూస్తాం? చెప్పు, నేనూ వింటాను."

ఎవాల్డ్ తాళ్లు తేవడానికి గట్టెక్కాడు. తాళ్లు రెట్టింపు వేశారు. త్యూరా మళ్లీ ఇంజను గదిలోకి దిగింది. ఫ్రోడె పైన మీట తోశాడు. పడవ పగ్గాలు తెంచుకునే గుర్రంలా వణికింది, గట్టు మీది జనం పనులాపి చూశారు. చివరి తాడు దగ్గర ఎవాల్డ్ నిలబడ్డాడు. ఆ పిల్ల కింద ఒక్కతే ఉంది. కిందకి వెళదామా, ఆపమని అరుద్దామా అని రెండుసార్లు అనుకున్నాడు.

కిందినుంచి కేక వినిపించింది. "ఎవాల్డ్! పైపు! పైపు లోపలికి పీల్చుకుపోతోంది!"

పంపుకి నీళ్లు తెచ్చే రబ్బరు పైపు. మామూలు వేగంలో గుండ్రంగా, ఆరోగ్యంగా ఉంటుంది. ఇంజను పూర్తి వేగం అందుకోగానే బల్లపరుపుగా అతుక్కుపోతోంది. తీసి కోసి చూస్తే లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. బయటినుంచి చూస్తే కొత్తదే అనిపించే పైపు అది.

ఫ్రోడె ఆ ముక్కని తిప్పి తిప్పి చూశాడు. "నీ చెవికి ఇది వినబడలేదా ముసలోడా?"

"లేదు," అన్నాడు ఎవాల్డ్. "నేనైతే ఇంకో నెల పంపులే మారుస్తూ కూర్చునేవాణ్ణి."

ఆ రోజుతో ఎవాల్డ్ మారిపోయాడని ఎవరైనా చెబితే నమ్మకండి. మర్నాడే గ్రీజు డబ్బా మూత పెట్టలేదని త్యూరా మీద రంకెలేశాడు. ఆమె కూడా ఎప్పుడూ ఒప్పే చెప్పిందని కాదు. రెండో ఏట, ఎవాల్డ్ వద్దన్నా వినకుండా ఓ గేరుపెట్టెని తన పద్ధతిలో అమర్చి, మొత్తం నూనె పడవ అడుగున పారబోసింది. రెండు రోజులు కలిసి కడిగారు. "చెప్పానా?" అనే మాట ఎవాల్డ్ నాలుక మీదే ఉంది. మొదటి రోజు మింగేశాడు, రెండో రోజు అనేశాడు. "చెప్పావు. ఎందుకో చెప్పలేదు," అంది త్యూరా, గుడ్డ పిండుతూ. అప్పుడు ఎందుకో చెప్పాడు. ఆమె విని, అందులో సగం మాత్రమే ఒప్పుకుంది.

నాలుగేళ్లకి ఆమె పరీక్ష పాసై, నార్వేలో ఓ ఫెర్రీ ఇంజను గదిలో ఉద్యోగానికి వెళ్లింది. యెప్పె గిడ్డంగిలోనే ఉండిపోయాడు. పెళ్లయింది, పాప పుట్టింది. ఎవాల్డ్ ఏడాదికోసారి వెళ్లి అడిగేవాడు, అతను రానని చెప్పేవాడు. ఆ విషయంలో తనకి క్షమాపణ దొరకలేదనీ, దొరకాలని అడిగే హక్కు కూడా తనకి లేదనీ ఎవాల్డ్ బోడిల్‌తో ఒక్కసారే అన్నాడు.

ఇప్పుడు అతనికి అరవై మూడు. షెడ్డులో ఇద్దరు అప్రెంటిసులున్నారు. అందులో ఒకడు ప్రతిదానికీ వాదిస్తాడు, సూర్యుడు పడమట కుంగుతాడన్నా దిక్సూచి తెచ్చి చూస్తాడు. పోయిన వారం ఓ పడవ ఇంధనపు పైపులన్నీ ఆ ఇద్దరే బిగించారు. ఎవాల్డ్ చూడలేదు. చూడొద్దని తనే అనుకున్నాడు. మంగళవారం పొద్దున పడవ వెళ్లాక రెండుసార్లు గట్టు చివరికి నడిచాడు. మధ్యాహ్నం గాలి పెరిగింది. రేడియో దగ్గరికి వెళ్లి, విని, బయటికొచ్చి, మళ్లీ వెళ్లాడు. బుధవారమూ అంతే. గురువారం మధ్యాహ్నం పడవ నిండా చేపలతో తిరిగొచ్చింది. కుర్రాళ్లిద్దరూ ఆ సంగతే పట్టించుకోలేదు. వాళ్లు లోపల, మరో ఇంజను ముందు నిలబడి, గొంతులు పెంచి, ఏదో విషయం మీద ఒకరినొకరు తప్పంటున్నారు.